పొడల కోడి గాయం

కోరుట్ల
9 మార్చి 1969

చెల్లె ఇంద్రమ్మకు,

మీ అక్క భూమవ్వ రాస్తున్నది. ఇక్కడ మనుషులం అందరం క్షేమం. మనుషులం అని ఎందుకు రాశానో కిందికి వస్తే నీకే తెలుస్తుంది.

ఆడపిల్ల పుట్టిందని దేవయ్య మరిది రాసిన కార్డు అందింది. చాలా సంతోషం. పిల్ల ఎవరి పోలికో, ఏ రంగో, ఒక్క ముక్క రాయలేదు. మగవాళ్ల కార్డులు అట్లాగే ఉంటాయి.

నిజానికి నీ పురుడు ఇక్కడే జరగాలి. నాయన పోయిన ఐదేండ్ల నుంచి అవ్వ నా దగ్గరే ఉంది. కన్న అవ్వ ఎక్కడ ఉంటే అదే ఆడపిల్లకు పుట్టిల్లు. నీ కోసం గదికి సున్నం వేయించాను, మంచానికి కొత్త నులక అల్లించాను. తెలంగాణ గొడవల్లో బస్సుల మీద రాళ్లు పడుతున్నాయి, నిండు నెలల మనిషిని పంపనని మీ ఆయన మొండికేశాడు. సరే, నువ్వు రాలేకపోతే అవ్వే నీ దగ్గరికి వచ్చింది. పదిహేను రోజుల్లో పంపుతానన్నావు. రేపటితో పదిహేను.

నాకు మనసులో ఏమీ లేదు. ఊరికే గుర్తు చేస్తున్నాను. నాకు రెండోది పుట్టినప్పుడు అవ్వ కోరుట్ల వచ్చి తొమ్మిది రోజులే ఉంది. నీకు తట్టు పోసిందని కబురు రాగానే, పదో రోజు పొద్దున్నే మూట సర్దుకుని పోయింది. నేను పచ్చి బాలింతను. నీళ్లు నేనే కాచుకున్నాను.

ఇక అసలు సంగతి. అవ్వ పెంచుకునే పొడల కోడిని కుక్క పట్టింది. గురువారం బందు ఉండె. పెరటి తలుపు గాలికి తెరుచుకున్నట్టుంది. కోడి అరుపు విని నేను కట్టె తీసుకుని ఉరికేసరికి కుక్క వదిలేసి పోయింది. తోక పైన తోలు చీలి మాంసం కనబడుతున్నది. గాయం నా అరచేయంత ఉంది. చావలేదు, కానీ నన్ను చూస్తే మూలకు జరుగుతున్నది. అవ్వ చేయి తప్ప ఇంకొకరి చేయి దానికి పడదని నీకు తెలుసు కదా.

ఏం మందు పెట్టాలో అవ్వను అడిగి వెంటనే రాయి. లేకపోతే మందు చెప్పడమెందుకు, దొరికిన బస్సు ఎక్కించి అవ్వనే పంపు.

మీ అక్క
భూమవ్వ


సిరిసిల్ల
17 మార్చి 1969

భూమక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నాకు మనసులో ఏమీ లేదని రాసి, దాని కింద ఎన్నో ఏండ్ల కిందటి మాట రాశావు. నాకు తట్టు పోయడం కూడా నా తప్పేనా అక్కా?

పిల్ల తెల్లగా, బొద్దుగా ఉంది. నా పోలిక కాదు, వాళ్ల నాయన పోలికా కాదు. బొడ్డు కోసిన వెంటనే అవ్వ చూసి "అచ్చం భూమి లెక్కనే ఉన్నది" అన్నది. తొమ్మిది నెలలు మోసిన నేను పక్కనే పడుకుని విన్నాను.

నీ ఉత్తరం చదివేటప్పుడు అవ్వ పిల్లకు నూనె రుద్దుతున్నది. కుక్క పట్టిందనగానే ఆ నూనె చేతులే నెత్తిన పెట్టుకుంది. మూడుసార్లు చదివించుకుంది. తర్వాత మందు చెప్పింది. ఆమె చెబుతుంటే చెప్పినట్టే రాసుకున్నాను:

"ముందుగాల యాపాకు ఏసి నీళ్లు మసలవెట్టాలె. చల్లగైనంక ఇంత ఉప్పు ఏసి గాయం కడుగాలె. సుట్టున్న ఈకలు కత్తెరతోని కత్తిరియ్యాలె, పీకద్దు. పీకితే దానికి పాణం పోతది. ఆముదంల పసుపు కలిపి పూసి, దాని మీద దీపం మసి రుద్దాలె. గాయం ఎర్రగ కనవడితే మిగిలిన కోళ్లు పొడిచి పొడిచి సంపుతయి, గందుకు మసి. గంప కింద యేరే పెట్టాలె. నూకలు నానవెట్టి ఎయ్యాలె, మక్కలు ఎయ్యద్దు. రోజు పొద్దున, పొద్దుమూకి రెండుసార్లు. భూమికి ఓపిక తక్కువ, గంప మీద రాయి పెట్టుడు మరిచిపోతది, అది కూడ రాయి."

చివరి మాట నాది కాదు, అవ్వదే. నన్ను తిట్టుకోకు.

అవ్వను ఇప్పుడే పంపలేను. పొద్దున పిల్లకు స్నానం, నాకు స్నానం, సాంబ్రాణి పొగ, పథ్యం వంట, అన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. మధ్యాహ్నం కొంచెం తీరిక దొరికితే మగ్గానికి కండెలు చుట్టి పెడుతున్నది. వద్దన్నా వినదు. మూడో నెల నిండే దాకా ఇక్కడే ఉంటుంది. ఆమె కూడా సరేనన్నది.

నీ చెల్లె
ఇంద్రమ్మ


కోరుట్ల
2 ఏప్రిల్ 1969

ఇంద్రమ్మకు,

నీ ఉత్తరం పది రోజులకు వచ్చింది. అందులో కోడి గురించి నిండా పద్నాలుగు వరుసలు ఉన్నాయి. నా గురించి ఒకటి, అది నాకు ఓపిక తక్కువని.

మూడు నెలలు! నేను ఏ పాపం చేశాను? నా ఇంట్లో నేను బీడీలు చుట్టే చాట ముట్టదు. తంబాకు వాసనకు దగ్గు వస్తుందంటుంది. నీ ఇంట్లో మాత్రం కండెలు చుడుతున్నదట. నూలు దుమ్ముకు దగ్గు రాదా? చదువుతుంటే నా కడుపు మండింది. దాచుకోవడం నాకు చేతకాదు, మండిందని రాస్తున్నాను.

కోడి సంగతి చెబుతాను. నీ జవాబు రాకముందే గాయంలో పురుగు పడింది. నాకు తెలిసిన మందు నేను వేశాను. చాటలో మిగిలిన తంబాకు పొడి పిడికెడు తీసి గాయం నిండా కొట్టాను. పురుగులు చచ్చాయి. కానీ కాసేపటికి కోడి మెడ వాల్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. రెండడుగులు వేస్తుంది, పక్కకు పడుతుంది. మీ బావ బాలయ్య అరుగు మీద కూర్చుని "కోడికి బీడీ తాపినవా ఏందే?" అని ఒకటే నవ్వడం. నేను మాత్రం, అవ్వ కోడిని నా చేతులతో చంపానన్న పేరు వస్తుందని ఏడ్చుకుంటూ, నీళ్లు పోసి పోసి ఆ పొడంతా కడిగాను. మధ్యాహ్నం దాకా ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు తాపాను. చీకటి పడేముందు కళ్లు తెరిచింది.

ఇప్పుడు అవ్వ చెప్పినట్టే చేస్తున్నాను. గంప మీద రాయి కూడా పెడుతున్నానని చెప్పు. గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఈ కోడి అవ్వ కోసం చూస్తున్నది. గంప ఎత్తగానే నా వెనుకకు చూస్తుంది, ఇంకెవరైనా వస్తున్నారేమో అని. మెల్లగా చెప్పి అవ్వను పంపు.

నా గురించి అవ్వ ఏమైనా అడిగిందా? కోడి కాదు, నేను.

భూమవ్వ


సిరిసిల్ల
12 ఏప్రిల్ 1969

భూమక్కకు,

తంబాకు సంగతి చదవగానే అవ్వ నుదురు కొట్టుకుంది. "అంత పొడి పోస్తరా ఎక్కడన్న!" అన్నది. తర్వాత నన్ను చూసి "అయినా భూమి మొండిది, ఒళ్లె పెట్టుకొని బతికిచ్చింది, సూసినవా? నువ్వయితే పారేస్తుంటివి" అన్నది. తప్పు నువ్వు చేశావు, తిట్టు నాకు పడింది.

నీ గురించి అడిగిందా అని రాశావు. అక్కా, ఈ ఇంట్లో నీ పేరు తప్ప ఇంకో పేరు వినబడటం లేదు. నేను పప్పు వండితే "భూమి చింతపండు ఇంకింత ఏస్తది, మస్తుంటది" అంటుంది. నేను పిల్లను ఎత్తుకుంటే "భూమి పిల్లలను అట్ల వంకర ఎత్తకపోయేది" అంటుంది. మొన్న ఆమెకు కొత్త చీర నేసి ఇచ్చాడు మీ మరిది. కట్టుకుని, "గిది భూమికి మంచిగుంటది" అని మడిచి మూటలో పెట్టింది. పన్నెండు రోజులు మగ్గం గుంటలో కూర్చుని నేసిన చీర అది.

నువ్వు నన్ను చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటున్నావు. నేను నిన్ను చూసి పోసుకుంటున్నాను. నా పక్కన కూర్చుని, నా బిడ్డకు నీళ్లు పోస్తూ, మనసంతా కోరుట్లలో పెట్టుకున్న తల్లిని నేను ఏం చేసుకోవాలి? అందుకే నాకు పంపాలని లేదు. నా దగ్గర ఇంకొన్ని రోజులుంటే నా మంచి కూడా కనబడుతుందేమో.

అవ్వ రానంటున్నది. నేను ఆపడం లేదు.

ఇంద్రమ్మ


కోరుట్ల
14 జూన్ 1969

ఇంద్రమ్మకు,

రెండు నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. నీ చివరి ఉత్తరం నేను నమ్మలేదు. నా దగ్గరున్న ఐదేండ్లూ అవ్వ నీ పేరు జపం చేసింది. "ఇందిర అన్నం గింజ గింజ విడిపోతది." "ఇందిరది ఎంత సల్లటి మాట." "ఇందిరయితే గిట్ల ఎదురు చెప్పకపోవు." ఇవన్నీ విన్న చెవులు నావి. నా గురించి ఒక్క మంచి మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నువ్వు నా పొగడ్తలు రాసి పంపితే, నన్ను మాటలతో కూర్చోబెట్టడానికే అనుకున్నాను.

నీ మూడు నెలలు నిండాయి. ఇప్పుడు పంపాలి. ఎందుకంటే కోడి పరిస్థితి బాగాలేదు. గాయం పైకి ఎండినట్టు కనబడి లోపల చీము పట్టింది. దగ్గరికి పోతే వాసన. నూకలు ముట్టడం లేదు. పశువుల దవాఖానకు తీసుకుపోదామంటే తాళం వేసి ఉంది, తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బడి లేదు, ఆఫీసు లేదు, దవాఖాన లేదు. నేను ఏం చేసేది? దానికి అవ్వ చేయే కావాలి. ఇంకో వారం ఆగితే చూడటానికి కోడి ఉండదు.

ఈ ఉత్తరం అవ్వకు వినబడేటట్టు చదువు. ఒక్క ముక్క మింగకు.

భూమవ్వ


సిరిసిల్ల
21 జూన్ 1969

భూమక్కకు,

నీ ఉత్తరం అవ్వకు అక్షరం అక్షరం చదివాను. పిల్లను ఊపడం ఆపి విన్నది. తర్వాత "ఇగ మానకపోతే ఏం చేస్తం? కోసి వండుకోమను, పిల్లలు తింటరు" అన్నది. ఇప్పుడు బస్సులు కూడా లేవు. పిల్లకు ఆమె చేయి అలవాటైంది, ఆమె కనబడకపోతే గుక్కపట్టి ఏడుస్తున్నది. దసరా దాటాక చూద్దామన్నది.

ఆమె ఇష్టం, నా చేతిలో ఏముంది?

ఇంద్రమ్మ


కోరుట్ల
27 జూన్ 1969

ఇంద్రమ్మా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను.

మందు పెట్టిన ఏ కోడినీ అవ్వ కోయనివ్వదు. అమ్మనివ్వదు. అది ముసలిదై దానంతట అది చస్తే పెరట్లో గుంత తీసి పెడుతుంది. పోయిన బోనాలకు మీ బావ ఒక కుంటి పుంజును కోస్తానంటే "మందు పెట్టిన చేతితోని కూరెట్ల తింటరు?" అని ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఐదేండ్లు ఆమెతో ఉన్నది నేను కాబట్టి నాకు తెలుసు. నీకు తెలియదు. అందుకే అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయావు.

నువ్వు నా ఉత్తరాలు అవ్వకు చదవడం లేదు. లేదా నీకు కావలసినట్టు మార్చి చదువుతున్నావు. చదువు రాని తల్లికి ఇట్లా చేయడానికి నీకు నోరెట్లా వచ్చింది?

ఇప్పుడు నా సంగతి కూడా విను. దాచుకుని కడుపు ఉబ్బిపోతున్నది. కోడి గాయం ఏప్రిల్‌లోనే మానింది. పొలుసు రాలింది, కొత్త ఈకలు వచ్చాయి. మే నెలలో గుడ్లు పెట్టింది, వాటి మీద పొదిగి కూర్చుంది. తొమ్మిది పిల్లలు లేచాయి. చీము లేదు, వాసన లేదు. నేను రాసిన గాయం నా ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు. గాయం మానిందని రాస్తే అవ్వ ఇక రాదని భయపడ్డాను. మానిన రోజు నాకు సంతోషం కూడా కాలేదు, చూడు నా బతుకు.

ఇంకొకటి. ఆ రోజు పెరటి తలుపు గాలికి తెరుచుకోలేదు. పిల్లలంతా జెండాలు పట్టుకుని ఊరేగింపుగా పోతుంటే నేనే తలుపు వేయకుండా చూడటానికి ఇంటి ముందుకు ఉరికాను.

ధైర్యముంటే ఇదంతా అవ్వకు చదువు. చదివితే నా అబద్ధంతో పాటు నీది కూడా బయటపడుతుంది. అందుకే నువ్వు చదవవని నాకు తెలుసు.

భూమవ్వ


సిరిసిల్ల
3 జులై 1969

అక్కా,

అవ్వ అక్కడికి వచ్చిందా? ఈ ఉత్తరం అందిన క్షణమే జవాబు రాయి, మిగతావన్నీ తర్వాత తిట్టుకుందాం.

మొన్న నీ ఉత్తరం వచ్చినప్పుడు మనసులో చదువుకుంటూ ఏడ్చాను. అవ్వ చూసి "ఏమైంది? పొడలదానికి ఏమన్న అయ్యిందా?" అని అడిగింది. "ఏం లేదు, అంతా మంచిగుందట" అన్నాను. "మంచిగుంటే ఏడుసుడెందుకు?" అన్నది. ఉత్తరాన్ని కండెల బుట్ట కింద పెట్టాను. ఆమె చూస్తూనే ఉంది.

నిన్న పొద్దున నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతుండగా మూట పట్టుకుని పోయింది. చీరల మూటలు వేసుకుని జగిత్యాల పోయే మొగిలయ్య బండి ఎక్కిందని వాడకట్టు వాళ్లు చెప్పారు. నీ ఉత్తరాలు నాలుగూ లేవు. బుట్ట కింది ఉత్తరం కూడా తీసుకుపోయింది.

నువ్వు అన్నది నిజం. గాయం పచ్చిగా ఉందని నువ్వు రాస్తే, ఎండిపోయిందని చదివాను. చీము పట్టిందని రాస్తే, కొత్త ఈకలు వచ్చాయని చదివాను. కోడి లేచి తిరుగుతుందని చెబితే అవ్వకు తొందర ఉండదనుకున్నాను. విచిత్రం చూడు అక్కా, నేను అబద్ధమనుకుని చదివిందంతా నిజమైంది. నువ్వు నిజమన్నట్టు రాసిందంతా అబద్ధం.

ప్రతిసారీ విని అవ్వ ఒకటే అడిగేది, "భూమి మంచిగున్నదా?" అని. అది నీకు ఎప్పుడూ రాయలేదు. కావాలనే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మీ మరిది వెతకడానికి పోయాడు. పిల్ల ఏడుపు ఆపడం లేదు.

ఇందిర


కోరుట్ల
6 జులై 1969

ఇందిరా,

అవ్వ ఇక్కడికి రాలేదు.

మీ బావ సైకిలు మీద మెట్‌పల్లి తోవ, జగిత్యాల తోవ రెండూ చూసి వచ్చాడు. బస్సులు లేవు. ఎడ్లబండ్లు పోతున్నాయి, వాటిలో ఎక్కడా కనబడలేదు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి చాట ముందు కూర్చుంటే ఒక్క బీడీ సరిగ్గా రావడం లేదు.

ఆ ఉత్తరాలు ఎవరితోనైనా చదివించుకుని ఉంటుందా? అవ్వ దొరికితే చాలు. నీ దగ్గరే ఉండనీ, ఏండ్లకేండ్లు ఉండనీ, నేను అడగను.

అడగనని రాశాను కానీ రాస్తుంటే చేయి ఆగింది. నీకు అబద్ధం రాయడం ఇక వద్దనుకుని ఇది కూడా చెబుతున్నాను.

భూమవ్వ


జగిత్యాల
8 జులై 1969

(మీ అవ్వ కిష్టవ్వ చెప్పగా రాస్తున్నాను. నేను బడిపంతులును, సమ్మె వల్ల ఇంటి దగ్గరే ఉన్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి, దిద్దవద్దు అని ఆమె షరతు.)

భూమీ, ఇందిరా,

నేను పాణంతోని ఉన్న. జగిత్యాలల సమ్మక్క ఇంట్ల ఉన్న. నా చిన్ననాటి సోపతి సమ్మక్క మీకు ఎరికే. మొగిలయ్య బండి గీడి దాకనే అచ్చింది, కోరుట్లకు ఏ బండి దొరకలే. రెండు రోజులు సూసిన. మూడో రోజు గీ సారును దొరకవట్టి మూట ఇప్పిన.

ఉత్తరాలన్ని మొదటికెళ్లి సదివిపిచ్చుకున్న. సదువుకుంట సదువుకుంట సారు నా మొకం దిక్కు సూసుడు బందు చేసిండు. ఒకతేమో మానిన గాయాన్ని పచ్చిగున్నదని రాసింది. ఇంకొకతేమో పచ్చిగున్నదన్న గాయాన్ని మానిందని సదివింది. నాకు సదువు రాదు. రాదనే మీ ఇద్దరికి సదువు చెప్పిచ్చిన. ఆడిపిల్లలకెందుకని మీ నాయన అంటే కొట్లాడి చెప్పిచ్చిన. గా సదువుతోని నన్నే మోసం చేసిన్రు గద బిడ్డా. నాకు శాన కోపమచ్చింది. ఇంక పోలే.

ఇగ నా తప్పు కూడ చెప్త, రాయి సారూ అన్న. కన్నబిడ్డను ముంగట మెచ్చుకుంటే దిష్టి తాకుతదని మా అవ్వ చెప్పేది. తల్లి దిష్టి అన్నిటికంటె చెడ్డది అనేది. నేను గది మనసుల పెట్టుకున్న. ఎవల ముంగట వాళ్లను ఒక్క మంచి మాట అనకపోయేది. కోరుట్లల ఉంటే ఇందిరను మెచ్చుకున్న, సిరిసిల్లల ఉంటే భూమిని మెచ్చుకున్న. దూరమున్న దానికి దిష్టి తాకదు గదా అని. దగ్గరున్నదానికి గింత కడుపు మండుతదని నాకు ఎరుక లేకపాయె. గిన్నేండ్లు ఇద్దరు బిడ్డలు నా నోట ఒక్క మంచి మాట ఇనకుంట పెరిగిన్రని నిన్న పొద్దుగాల గీ అరుగు మీద కూసున్నంక తెలిసింది.

భూమీ, కోడికి మంచిగ మందు పెట్టినవు. నేనున్నా అంతకంటె మంచిగ పెట్టకపోదును. ఇందిరా, నాలుగు నెల్లు నన్ను రాణి లెక్క సూసుకున్నవు, నీ చెయ్యి కూడు తింటే నాకు ఒంట్ల బలమచ్చింది. ఇగో, ఇద్దరిని ముంగట్నే మెచ్చుకున్న. దిష్టి తాకితే తాకని.

ఇప్పుడు నా మాట. ఇద్దరు కలిసి అస్తేనే నేను ఇక్కడికెళ్లి కదులుత. ఒక్కతి అస్తే అన్నం పెట్టి తిప్పి పంపుత. బస్సులు లేవంటే నడిసి రాండ్రి. అచ్చినంక ఎవలింటికి పోవాలెనో నేను చెప్త, మీరు చెప్పద్దు.

గీ ఉత్తరం రెండు రాయిపిచ్చిన, ఇద్దరికొకటి. అక్షరం తేడా లేదు, కావాల్నంటే పక్కపక్కన పెట్టి సూసుకోండ్రి. భూమి పేరు ముందుగాల ఎందుకున్నదంటే పెద్దది కాబట్టి. యేరే ఏం లేదు. ఇందిరా, దానికి ఏడువకు.

మీ అవ్వ
కిష్టవ్వ


కోరుట్ల
12 జులై 1969

ఇందిరా,

కార్డు మీద రాస్తున్నాను. తపాలా ఆయన చదివితే చదవనీ, మన సంగతి ఇప్పటికే ఒక పంతులుకు తెలుసు.

వచ్చే శుక్రవారం పొద్దున ఇక్కడి నుంచి మక్కల బండి జగిత్యాల పోతున్నది. నేను అందులో వస్తాను. నువ్వు మరిదిని తోడు తీసుకుని, పిల్లను ఎత్తుకుని ఆ రోజుకే చేరేటట్టు బయలుదేరు.

ఒక్క మాట ఒప్పుకో. ముందు చేరిన వాళ్లు సమ్మక్క ఇంటికి పోవద్దు. జగిత్యాల కోట ముందు ఆగాలి. రెండో వాళ్లు వచ్చాకే ఇద్దరం కలిసి గడప తొక్కాలి. నువ్వు ముందు చేరితే ఆగుతావని నాకు నమ్మకం లేదు. నన్ను కూడా నువ్వు నమ్మకు. అవ్వ రెండు వీధుల అవతల ఉందని తెలిసి ఎండలో నిలబడి నీ కోసం చూడటం నా వల్ల అయ్యే పని కాదు. అయినా నిలబడతాను.

తొందరగా రా.

మీ అక్క
భూమి